అలుగెంట

“చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయి?”

“నీళ్ల దిక్కు.”

“రెండూనా?”

“రెండు గూడ. పక్క పక్కనే. బడి ముంగట పిల్లలు ఇడిసినట్టు.”

ఇమ్మానుయేలు తల పైకెత్తాడు. వాగులో మునిగి చావబోయే మనిషి చెప్పులు అంత పొందికగా విడుస్తుందా అని అడగబోయి ఆగాడు. విడిచేవాళ్లు విడుస్తారు. ఇరవై రెండేళ్లు కిరండూల్ లైన్లో రైల్వే పోలీసుల దగ్గర పనిచేసినవాడు, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. పట్టాల పక్కన మడతపెట్టిన చొక్కాలు కూడా చూశాడు.

ఎదురుగా నిలబడ్డ పొజ్జా వాగులో చేపల బుట్టలు పెట్టుకునే మనిషి. మొన్న బుధవారం ఉదయం ఏడు గంటలకు ఊర్మిల చెప్పుల్ని ఈ స్టాప్ డ్యాం గట్టు మీద మొదట చూసింది అతనే. ఊర్మిలది ఈ జెట్టిమడుగే. పామేడు దాటాక వచ్చే వాగు ఒడ్డు ఊరు; వాగుకు ఇవతల ఛత్తీస్‌గఢ్, అవతల తెలంగాణ. నలభై గడపల ఊళ్లోంచి హైదరాబాదు దాకా వెళ్లి, దేశాల సరిహద్దులు దాటే నేరాల మీదా అంతర్జాతీయ న్యాయం మీదా ఎల్.ఎల్.ఎం. చదువుతోంది. సిద్ధాంత వ్యాసం కోసం ఊరొచ్చింది. ఆదివారం సంతకు వెళ్లి తిరిగి రాలేదు. బుధవారం చెప్పులు దొరికాయి. శవం దొరకలేదు. ఈ సాయంత్రం అయిదింటికి థానా ఇన్‌చార్జి మంగల్ కశ్యప్ ‘వాగులో కొట్టుకుపోయింది’ అని రాసి ఫైలు పైకి పంపేస్తాడు. ఆ తర్వాత ఆమెను వెతికేవాడు ఉండడు.

“మంగళవారం రాత్రంతా వాన కదా. ఎప్పుడు నిలిచింది?”

“కోడి కూసినంక. అయిదు అయితదేమో.”

“చెప్పులు తడిసి ఉన్నాయా?”

పొజ్జా తన చేతుల్ని చూసుకున్నాడు, చెప్పులు ఇంకా అక్కడే ఉన్నట్టు. “పొడిగుండె. అడుగున అంటిన మట్టి గూడ పొడి మట్టే.”

“ఈ మాట థానాలో చెప్పావా?”

“ఠాణేదారు అడగలే.”

ఇమ్మానుయేలుకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అయిదింటికి ఆగిన వానలో తడవని చెప్పులు ఏడింటికి కనిపించాయంటే, ఆ రెండు గంటల మధ్య ఎవరో తెచ్చి పెట్టారు. ఆదివారం మాయమైన మనిషి బుధవారం తెల్లవారుజామున చెప్పులకు తడి మట్టి అంటకుండా నడిచొచ్చి వాగులో దూకదు కదా.

ఎవరు తెచ్చారు? ఇక్కడికి రావడమే మాటలు కాదు. టవర్ ఉన్న మలుపు దగ్గర రోడ్డు దిగితే మూడు కాలిదారులు, మూడూ ఒకేలా వెదురు పొదల్లోకి పోతాయి. ఇమ్మానుయేలు పొద్దున రెండుసార్లు తప్పిపోయి, మూడోసారి పొజ్జాను వెంటబెట్టుకుని గానీ రాలేకపోయాడు.

“సరే, అలుగు ఎక్కడ? అది కూడా చూపించు.”

“అలుగా?”

“అదే, నీళ్లు పొర్లిపోయే చోటు.”

“కట్ట కాడ అలుగేముంటది?” పొజ్జా ఈ పెద్దమనిషికి ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు చూశాడు. “అది గుట్ట మీదుంటది గద, పుట్టల పొంటి. చీమలు తింటది. ఒళ్లంత పొలుసులు. ముట్టుకుంటే గిట్ల ముడుసుకుంటది.” పిడికిలి బిగించి చూపించాడు. “హిందీల సాల్ ఖప్రీ అంటరు. ఇప్పుడు దొరుకుతలేదు, అమ్ముకునేటోళ్లు తవ్వి తీస్తున్రు.”

ఇమ్మానుయేలు అలాగే గట్టు మీద కూలబడ్డాడు.

మంగళవారం పదకొండున్నరకు ఊర్మిల నాయనమ్మ కోసే చెప్పిన మాట అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “పిల్ల అలుగెంట పోయిందయ్యా.” థానాలో తెలుగు తెలిసిన కానిస్టేబుల్ సెలవులో ఉన్నాడని, ముసలామె బయానును, అంటే వాంగ్మూలాన్ని, హిందీలోకి మార్చే పని మంగల్ కశ్యప్ సోమవారమే అతనికి అప్పగించాడు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడికి అలుగంటే చెరువుకు ఉండేదే; చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదివాడు, వానాకాలం పేపర్లో ఏటా చదువుతాడు. పక్కనే స్టాప్ డ్యాం ఉంది. ఇంకేం, కలం కాగితం మీద పరుగెత్తింది: ‘అమ్మాయి స్టాప్ డ్యాం వెంబడి వెళ్లింది.’ ముసలామె అన్నది, ఆ జంతువును పట్టుకుపోతున్నవాళ్ల వెంట పడి వెళ్లిందని. తెలుగు తెలుసు కదా అని నమ్మి కూర్చోబెట్టినందుకు తెలుగే తన్నింది.

సిగ్గుపడటానికి కూడా తీరిక ఇవ్వకుండా ఇంకో ఆలోచన వచ్చి పడింది. ఈ కేసులోకి స్టాప్ డ్యాం ఎక్కడి నుంచి వచ్చింది? కోసే అనలేదు. ఊళ్లో ఎవరూ అనలేదు. అది అతని కలంలోంచి వచ్చింది. మరి చెప్పులు డ్యాం దగ్గరికే ఎలా నడిచాయి?

ఆ కాగితం చదివినవాడే తెచ్చి పెట్టాడు.

కోసే ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. ముసలామె చూరు కింద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మనవరాలు వాగులో పోయిందని ఊరంతా అనుకుంటున్న ఇల్లు. ఏడుపు లేదు, చుట్టాలు లేరు.

“మళ్ల వచ్చినవా? రా, కూసో.”

ఇమ్మానుయేలు కూర్చున్నాడు. చూరు మూలన ఊడ్చి పెట్టిన చెత్తలో అతని చూపు ఆగింది. రెండు ఆకు దొప్పలు. రెంటికీ అంబలి తడి ఇంకా ఆరలేదు.

ఇలాంటివి అందరికీ కనపడవు. భార్య సంతోషకుమారి పోయి మూడేళ్లయింది. జగదల్‌పూర్‌లో ఒక్క గది. అదే ఆఫీసు, అదే వంటిల్లు, అదే ప్రార్థన. ఒక కంచం, ఒక గ్లాసు. రెండో కంచం అటక మీద బోర్లించి ఉంది, దాన్ని చూడకుండా ఉండటం కోసం అటక వైపే చూడడు. ఒంటిగా తినేవాడు ఎవరింటికి వెళ్లినా ముందు లెక్కపెట్టేది అవే, ఈ ఇంట్లో ఎంతమంది తిన్నారని.

“అమ్మా, మంగళవారం నువ్వు చెప్పింది నేను తప్పు రాశాను. అలుగంటే నీళ్ల కట్ట అనుకున్నాను.”

కోసే చేతులు ఆగలేదు. “ఎరుకే.”

“ఎరుకా?”

“నువ్వు రాసిన కాయితం చూసి కట్ట కాడ చచ్చిందని ఠాణేదారు చెప్పిండు. అప్పుడే ఎరుకయింది, నీకు మా మాట రాదని.”

“మరి తప్పని ఎందుకు చెప్పలేదు?”

“చచ్చినోళ్లను ఎవలన్న ఎతుకుతరా?”

ఇమ్మానుయేలు దొప్పల వైపు చూశాడు. కోసే కూడా చూసింది. మొదటిసారి ఆమె చేతులు ఆగాయి. కాలితో చెత్తను లోపలికి నెట్టబోయి, ఇంక లాభం లేదని ఊరుకుంది.

“ఎలా వచ్చింది?” అతను గొంతు తగ్గించాడు.

“మంగళారం రాత్రి ఒట్టి కాళ్లతోటి వచ్చింది. సంత కాడ లారీల ఎక్కిచ్చిన్రు. గుట్ట ఎక్కేటప్పుడు బండి మెల్లగయింది, దునికింది. చెప్పులు లారీలనే వోయినయి.”

“ఎక్కడుంది?”

“నాకెరుక లేదు.”

ఆమె చెప్పదు, అతను ఇంక అడగలేదు. ఇంటి వెనక మొక్కజొన్న చేను నిలువెత్తున ఉంది, నడుమ మంచె కనిపిస్తోంది. ఇంటి నుంచి అటువైపే గడ్డి నలిగి సన్నటి దారి పడింది.

కోసే లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. “దాని కాపీ. ఇంట్ల ఉంటే ఎవలన్న ఎత్తుకపోతరు. నువ్వు దాయి. నువ్వు మాట రానోడివే గని చెడ్డోడివి కాదు.” తర్వాత అతని మణికట్టు పట్టుకుంది; ఎండుకట్టెలాంటి చెయ్యి, పట్టు మాత్రం గట్టిది. “ఒక్కటే మాట. సారుకు మాత్రం చెప్పకు. పిల్ల ఒట్టు ఏసి చెప్పమన్నది. సారుకు చెప్పకు.”

“చెప్పనమ్మా. ఆయన మీద నాకూ అనుమానంగానే ఉంది,” అన్నాడు ఇమ్మానుయేలు.

నడుస్తూనే నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు. ‘మా ఊళ్లో అలుగు. బజారులో సాల్ ఖప్రీ. లారీ కాయితంలో చింతగింజలు. పై దేశంలో మందు. పేరు మారిన చోటల్లా నేరం ఒక సరిహద్దు దాటుతుంది, చట్టం మాత్రం పాత పేరు పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. నా వ్యాసం ఈ నాలుగు పేర్లూ ఒకటేనని రుజువు చెయ్యడానికి.’ వానచినుకు పడి సిరా చెమ్మగిల్లింది. అతను గబుక్కున మూసి సంచిలో పెట్టాడు. అప్పుడే చివరి పేజీ దాకా తిప్పి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి రెండూ పది. జెట్టిమడుగు మొత్తానికీ ఫోన్ పలికేది ఇక్కడే. సంచిలో ఫోన్ కుయ్యిమంది. తెరిస్తే పైన ఒకే పేరు, ఎప్పుడూ ఉండే పేరు: రామ్మూర్తి.

కిరండూల్ క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లు. ఒకే బెంచీ. ఇద్దరి నాన్నలదీ శ్రీకాకుళం వైపు, ఇద్దరూ గాంగ్‌మన్‌లే. రామ్మూర్తి చదువుకుని హైదరాబాదులో లా ప్రొఫెసరయ్యాడు, ఇమ్మానుయేలు కానిస్టేబులయ్యాడు. అయినా సంతోషకుమారి పోయిన నాటి నుంచి ప్రతి ఆదివారం చర్చి విడిచాక పన్నెండింటికి ఫోన్ చేసే మనిషి లోకంలో అతనొక్కడే. ఊర్మిలకు గైడూ అతనే. “ఒరే, నా స్టూడెంటురా. పోలీసుల్ని నమ్మలేను. నువ్వెళ్లి వెతుకు,” అని సోమవారం పొద్దున్నే ఈ పని పురమాయించిందీ అతనే. మాట్లాడేటప్పుడు గొంతు వణికింది కూడా.

వచ్చిన సందేశంలో ‘ఏటైనా తెలిసిందేట్రా?’ అని ఉంది.

మంచి వార్త చెప్పుకునే మనిషి లేక మూడేళ్లయినవాడికి మంచి వార్త దొరికితే ఏం చేస్తాడు? ఇమ్మానుయేలు వేళ్లు ఆగలేదు. ‘బతికే ఉందిరా! ముసలామే అన్నం పెడతంది. ఇంటెనకాల మొక్కజొన్న చేలో మంచె మీదుందని నా అనుమానం. ఇక్కడి ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం తెలీనివ్వకు.’

నీలం గీతలు రెండూ వెంటనే పడ్డాయి. ‘దేవుడున్నాడురా,’ అని జవాబు వచ్చింది.

ఇమ్మానుయేలు కళ్లు తుడుచుకుని బైకెక్కాడు.

పదకొండు కిలోమీటర్ల బురదలో బైకు నెట్టుకుంటూ థానా చేరేసరికి మూడూ నలభై. మంగల్ కశ్యప్ బల్ల మీద ఫైలు కట్టి సిద్ధంగా ఉంది. కొండగావ్ వైపు మనిషి. హల్బీ, హిందీ తప్ప తెలుగు ముక్క రాదు. ఇమ్మానుయేలు ఇక్కడికి వచ్చిన మొదటి రోజే ఇద్దరికీ చెడింది. మంగల్ కశ్యప్ లెక్కలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్లిసంబంధాలు ఆరా తీసేవాడు. ఇమ్మానుయేలు లెక్కలో మంగల్ కశ్యప్ అయిదు గంటలయ్యేసరికి ఏ కేసైనా సరే కట్టేసేవాడు. ఇద్దరూ హిందీలోనే పోట్లాడుకుంటారు.

“రండి జాసూస్ సాబ్. సంతకం పెట్టడానికేనా? బయాను తర్జుమా చేసింది మీరే కదా, ఇక్కడ.”

“పెట్టను. చెప్పులు పొడిగా ఉన్నాయి.”

“అయితే?”

“వాన అయిదింటికి ఆగింది. చెప్పులు ఏడింటికి దొరికాయి. మీ పంచనామాలో తడి అని రాశారా, పొడి అని రాశారా?”

మంగల్ కశ్యప్ ఫైలు విప్పకుండానే అన్నాడు, “నా చేతికొచ్చేసరికి పదిన్నర. అప్పటికి మళ్లీ చినుకులు పడ్డాయి. తడిగానే ఉన్నాయి, అదే రాశాను. వాగు అవతలి ఒడ్డు తెలంగాణ. శవం అటు తేలితే వాళ్లది, ఇటు తేలితే నాది. ఎటూ తేలలేదు. నన్నేం చెయ్యమంటారు, సగం వాగును అరెస్టు చెయ్యమంటారా?”

“చెప్పులు పెట్టినవాణ్ని అరెస్టు చెయ్యమంటాను. వాడు నా తర్జుమా చదివాడు.”

“అంటే?”

“ముసలామె స్టాప్ డ్యాం అనలేదు. నేను తప్పు రాశాను.” ఆ మాట ఈ మనిషి ముందు ఒప్పుకోవడం వేపాకు నమిలినట్టుంది. “డ్యాం అన్న మాట నా కాగితంలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. చెప్పులు బుధవారం తెల్లారకముందే డ్యాం చేరాయి. నా కాగితం మంగళవారం సాయంత్రం ఆరింటికి మీ థానాకు చేరింది. చదివింది మీరు. ఇప్పుడు చెప్పండి సాబ్, చెప్పులు మీకెక్కడ దొరికాయి?”

గదిలో రాసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్ బుధ్రాం కలం ఆపాడు.

మంగల్ కశ్యప్ అరవలేదు. కుర్చీలోంచి లేచి, బీరువా తీసి, ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది ఇమ్మానుయేలు ఇచ్చిన కవరే. మీద లక్క ముద్ర సగానికి విరిగి ఉంది. పక్కన, కవరు తెరిచినప్పుడు వేసిన థానా ఆవక్ ముద్ర, అంటే కాగితం అందినట్టు వేసేది, దాని కింద బుధ్రాం సంతకం, టైము: బుధవారం, ఉదయం 10:10.

“సోమవారం రాత్రి నుంచి బుధవారం పొద్దుటి దాకా నేను బీజాపూర్‌లో మీటింగులో ఉన్నాను. నలభైమంది సాక్షులు. మీ కవరు ఈ ముద్రతో డ్యూటీ రూములో పడి ఉంది. నేనొచ్చి బుధ్రాం ముందు తెరిచేసరికి, చెప్పులు దొరికి మూడు గంటలు దాటింది.” అతను బల్ల మీదికి వంగాడు. “నా మీద కోపముంటే తిట్టండి, పడతాను. కానీ లెక్క సరిగ్గా చెయ్యండి. ఆ కాగితం మంగళవారం ఇంకెవరు చదివారు?”

“ఎవరూ...”

అని ఆగిపోయాడు.

మంగళవారం, నాలుగూ నలభై. మలుపు దగ్గర. థానాకు ఇచ్చే ముందు కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. ప్రతి రోజూ పంపాడు, ప్రతి కాగితమూ పంపాడు. పని అప్పగించినవాడికి లెక్క చెప్పడం ధర్మం కదా. అంతకన్నా, పంపితే జవాబు వస్తుంది. ‘శభాష్‌రా’ అని వస్తుంది.

“నేను అడిగింది వినిపించలేదా?”

“ముసలామె చెప్పొద్దంది,” అన్నాడు ఇమ్మానుయేలు. “సారుకు చెప్పొద్దంది. మీరనుకున్నాను.”

“నేనా?” మంగల్ కశ్యప్ బుధ్రాం వైపు చూశాడు. “ఈ చుట్టుపక్కల నన్ను సార్ అని ఎవరన్నా పిలవగా విన్నావా నువ్వు?”

“లేదు సాబ్. అందరూ ఠాణేదారే అంటారు,” అన్నాడు బుధ్రాం. “వాగు పక్క తెలుగు ఊళ్లల్లో సారు అంటే చదువు చెప్పే ఆయనే.”

పొద్దుటి నుంచి పొజ్జా, కోసే ఎన్నిసార్లు అన్నారో ఆ మాట. ఠాణేదారు అడగలే. ఠాణేదారు చెప్పిండు. చెవుల పక్కనుంచే పోయింది. ఒకే తప్పు రెండుసార్లు చేశాడు: అలుగును నీళ్లపాలు చేశాడు, సారును థానాలో కూర్చోబెట్టాడు.

సంచిలోంచి ఊర్మిల నోటుపుస్తకం తీశాడు. చివరి పేజీ. ‘నాలుగో అధ్యాయం పూర్తి. లారీ నంబర్లు, గోదాము, కొనేవాళ్ల పేర్లు అన్నీ ఇందులోనే. ఎగుమతి కాయితాలు సరిచేసే లాయరు పేరు ఒక్కటే దొరకలేదు. శుక్రవారం సారుకు పంపాను. ఆదివారం సంతకు లారీ వస్తుంది, ఫోటో తీస్తానని కూడా చెప్పాను.’

నాలుగోది ఇంకా మొదలే పెట్టలేదని రామ్మూర్తి అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇమ్మానుయేలుకు ఇల్లే లేదు. ఉన్నది ఆదివారం పన్నెండు గంటల ఫోన్ ఒక్కటి. దాంట్లోనే దొంగ దూరాడు. ఊర్మిలను వెతకమని పంపించాడు, నిజంగానే వెతకమని పంపించాడు. చేతిలోంచి జారిపోయిన పిల్లను పట్టుకోవడానికి వేటకుక్క కావలసి వచ్చింది. శభాష్‌రా అన్నాడు.

“ఎక్కడుందో నిన్ను పంపిన ఆ ప్రొఫెసరుకు చెప్పావా?” మంగల్ కశ్యప్ ఈసారి ‘మీరు’ అనలేదు. బతికే ఉందన్న సంగతి ఇతని మొహం చూసే గ్రహించాడు.

“రెండూ పదికి.”

“అతనెక్కడున్నాడు?”

“హైదరాబాదులో.” అంటుండగానే బల్ల మీద పెట్టిన అతని ఫోన్ కుయ్యిమంది. రామ్మూర్తే.

‘ఒరే, నీకు చెప్పలేదు గానీ, ఆగలేక నిన్ననే భద్రాచలం వచ్చేశాను. నువ్వు చెప్తావు కదా, సిగ్నలున్న మలుపు, అక్కడే ఉన్నాను. నాకీ ఊరు కొత్త, దారీ తెన్నూ తెలీదు. నువ్వెక్కడ?’

ఇమ్మానుయేలు హిందీలో చదివి వినిపించాడు. మంగల్ కశ్యప్ అప్పటికే బెల్టు బిగిస్తున్నాడు. “బుధ్రాం, బండి తియ్. మలుపు దగ్గరి పోలీసు క్యాంపుకు వైర్‌లెస్ పెట్టు, నలుగురిని చేలోకి పంపమను.” బుధ్రాం సెట్టు పట్టుకుని రెండుసార్లు పిలిచాడు. వానకు గరగర తప్ప జవాబు రాలేదు. “మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉండు. జీపులో మనకు నలభై నిమిషాలు పడుతుంది. మలుపు నుంచి చేలోకి?”

“పది నిమిషాలు.”

ముప్పై నిమిషాలు తక్కువ పడ్డాయి. ఆ ముప్పై నిమిషాల్లో మంచె మీద ఒట్టి కాళ్లతో ఒక పిల్ల కూర్చుని ఉంటుంది.

ఇమ్మానుయేలు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు ఈ రామ్మూర్తే ఇతనికి సైకిలు నేర్పాడు. సంతోషకుమారి సమాధి మీద మొదటి పిడికెడు మట్టి వేయడానికి చెయ్యి రాకపోతే, ఆ చెయ్యి పట్టుకుని వేయించాడు. వాడికి అబద్ధం రాయడం ఇదే మొదలు. అక్షరం అక్షరం కొట్టాడు.

‘పిల్లని మంచె మీద నుంచి తీసుకొచ్చేశాను. మేమిద్దరం అలుగు దగ్గరున్నాం. అలుగెంట వచ్చెయ్.’

పంపాడు.

“ఏం రాశావు?” అన్నాడు మంగల్ కశ్యప్.

“డ్యాం దగ్గరికి రమ్మన్నాను. మా ఇద్దరిదీ ఒకే వాచకం సాబ్. వ్యాసంలో ఏం చదివినా, అలుగు దగ్గరికి రమ్మంటే అతనికీ నీళ్లే.” ఫోన్ తెర మీదే చూపు నిలిపాడు. “మలుపు దగ్గర మూడు దారులున్నాయి. కొత్తవాడైతే ఎటని అడుగుతాడు. నేనే రెండుసార్లు తప్పాను. అడిగితే... అడిగితే నా అనుమానం తప్పు. నేను తప్పులు చేసేవాణ్నే కదా, ఇంకొకటి చేశాననుకుంటాను.”

నీలం గీతలు పడ్డాయి.

బయట జీపు స్టార్టయింది. వైర్‌లెస్ గరగరమంటూనే ఉంది. మంగల్ కశ్యప్ తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ రమ్మని తొందరపెట్టలేదు. కరకు మనిషే, అయినా ఇతని మొహం చూసి ఆగాడు. ఇమ్మానుయేలు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, ప్రార్థనలో కదిపినట్టు పెదవులు కదిపాడు. అడగరా. ఎటని అడుగు. ఒక్క మాట, ఎటురా అను.

ఫోన్ కుయ్యిమంది.

‘సరేరా. పది నిమిషాల్లో ఉంటా. ఆ పిల్లని అక్కణ్నుంచి కదలనీకు.’